ఇంట్లో పెద్దవాళ్ళని చూసుకోవడానికి ఏజెన్సీ మనిషిని పెట్టుకుంటున్నారా? ముందు ఏజెన్సీని ఇలా పరీక్షించండి

"మంచి ఏజెన్సీ నంబరు ఏదైనా ఉంటే పంపండి." మా అత్తగారు మంచాన ఉన్న మూడేళ్ళలోనూ, ఆ తర్వాతా నాకు ఎక్కువగా వచ్చిన ఫోన్లు ఇవే. అడిగేవాళ్ళు సాధారణంగా ఆసుపత్రి వరండాలోంచి అడుగుతారు. రేపు పొద్దున డిశ్చార్జ్. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగస్తులు, లేదంటే ఉన్న ఒక్క కొడుకూ డాలస్‌లో.

నంబరు పంపడం నిమిషం పని, అయినా పంపను. మాకు బంగారంలాంటి మనిషిని పంపిన ఏజెన్సీయే మా కింది ఫ్లాటు వాళ్ళకి మూడో రోజున చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయే మనిషిని పంపింది. మంచి మనిషి దొరకడం సగం అదృష్టం. ఆ మనిషి రాని రోజున ఏజెన్సీ ఏం చేస్తుందన్నదాంట్లో మాత్రం అదృష్టం లేదు, దాన్ని ముందే కనిపెట్టవచ్చు. మీరు నెలనెలా వాళ్ళకి కట్టే డబ్బు కూడా అందుకే.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- డిశ్చార్జ్ సమ్మరీ, మందుల చీటీ. రెండింటికీ ఫోటోలు తీసి ఫోన్లో పెట్టుకోండి.
- ఒక లాంగ్ నోట్‌బుక్. దీని అవసరం చివర్లో చెబుతాను.
- కనీసం మూడు రోజుల వ్యవధి. డిశ్చార్జ్ మాట వినబడ్డ రోజే వెతకడం మొదలుపెట్టండి.
- మొదటి వారం ఇంట్లో ఉండగలిగే మన మనిషి ఒకరు. చెల్లెలైనా, పిన్ని అయినా, సెలవు పెట్టిన మీరైనా సరే.

మూడు రోజులు లేవా? అయితే డిపాజిట్ లేకుండా రోజు లెక్కన రెండు మూడు రోజులకి పంపే చోట తాత్కాలికంగా మాట్లాడుకుని, ఈలోగా కింది పనులు చేయండి. వార్డులో లిఫ్టు పక్కన ఎవరో చేతిలో పెట్టిన విజిటింగ్ కార్డుకి ఫోన్ చేసి నెల డబ్బు ఒకేసారి కట్టేయకండి. ఆ కార్డు మీదాకా రావడానికి మధ్యలో ఎవరి కమిషన్ ఎంతో మీకు తెలియదు.

1. ఇరవై నాలుగు గంటల కాగితం రాయండి

"మా నాన్నగారిని చూసుకోవాలి" అంటే ఏజెన్సీ వాళ్ళు తమ దగ్గర ఖాళీగా ఉన్న మనిషిని పంపుతారు. కాబట్టి గంట గంటకీ ఏం కావాలో కాగితం మీద పెట్టండి. ఉదయం ఆరింటికి డైపర్ మార్చాలి, ఏడింటికి షుగర్ చూడాలి, ఎనిమిదింటికి టిఫిన్ నోటితోనా, ముక్కు గొట్టంలోంచా? ఎన్ని గంటలకోసారి పక్క తిప్పాలి? రాత్రి ఎన్నిసార్లు లేస్తారు? మనిషి బరువెంత? ఎనభై కిలోల మనిషిని లేపడానికి నలభై ఐదు కిలోల అమ్మాయిని పంపితే ఇద్దరూ పడతారు.

కాగితం రాశాక మీకు అటెండెంట్ కావాలా, నర్సు కావాలా అన్నది దానంతటదే తేలుతుంది. స్నానం, డైపర్, అన్నం పెట్టడం, నడిపించడం, పక్క తిప్పడం అటెండెంట్ పని. ఇంజెక్షన్, సెలైన్, ముక్కు గొట్టం వేయడం, యూరిన్ గొట్టం మార్చడం, గొంతులో గొట్టం ఉన్నవాళ్ళకి కఫం తీయడం, లోతైన పుండుకి డ్రెస్సింగ్ చేయడం నర్సు పని. నర్సు అంటే ఏఎన్ఎం, మూడేళ్ళ జీఎన్ఎం, లేదా నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్ చదివి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టర్ అయిన మనిషి. తెల్లకోటు వేసుకున్న ప్రతి అమ్మాయినీ మనం "సిస్టర్" అని పిలవడం వల్ల ఈ తేడా చెరిగిపోయింది. ఏజెన్సీలకి అది కలిసొచ్చింది.

రోజంతా నర్సుని పెట్టుకునే స్తోమత లేకపోతే రోజంతా అటెండెంట్‌ని పెట్టుకుని, డ్రెస్సింగుకో గొట్టం మార్చడానికో నర్సుని విజిట్ లెక్కన పిలిపించుకోండి. మేము చాలాకాలం అలాగే నడిపాం. గొట్టం వేయడం నర్సు పనే అయినా, దాంట్లోంచి పాలు, జావ పట్టడం శిక్షణ ఉన్న అటెండెంట్ చేయగలదు.

ఇరవై నాలుగు గంటల డ్యూటీ గురించి ఒక మాట. రోగి రాత్రి మూడు నాలుగుసార్లు లేచేవారైతే ఒకే మనిషితో కుదరదు. ఆమె కూడా నిద్రపోవాలి. నిద్రలేని మనిషి నాలుగో రోజుకి మందులు తారుమారు చేస్తుంది, వారం తిరక్కుండా వెళ్ళిపోతుంది. పగలొకరు, రాత్రొకరు పన్నెండేసి గంటలు చేసేలా పెట్టుకోండి. లేదా రాత్రి బాధ్యత ఇంట్లోవాళ్ళు తీసుకోండి.

2. ఏజెన్సీ ఏ రకమో తేల్చుకోండి

"ఆమె జీతం ఎవరిస్తారు?" అని ఒక్క ప్రశ్న వేస్తే తేలిపోతుంది. మనుషుల్ని ఉద్యోగంలో పెట్టుకుని జీతమిచ్చే సంస్థలు ఒక రకం. మధ్యవర్తిగా మనిషిని చూపించి కమిషన్ తీసుకునే బ్యూరోలు రెండో రకం. ఈ రెండో రకంలో మనిషి ఇంటికి వచ్చిన మర్నాటి నుంచి బ్యూరో బాధ్యత దాదాపు ఉండదు. అది మోసమేమీ కాదు, ఖర్చు కూడా తగ్గవచ్చు. ఇంట్లో గట్టిగా అజమాయిషీ చేసేవాళ్ళుంటే బ్యూరో మనిషితోనే నెట్టుకురావచ్చు. పిల్లలంతా విదేశాల్లో ఉండి, ఇక్కడ ముసలి దంపతులు ఇద్దరే ఉంటే మాత్రం ఆ దారి పట్టకండి.

కాగితాలు చూడటం పది నిమిషాల పని. బిల్లు మీద జీఎస్టీ నంబరుంటే దాన్ని జీఎస్టీ వెబ్‌సైటులో కొట్టండి. మొదటి రెండు అంకెలు తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. పేరు చివర ప్రైవేట్ లిమిటెడ్ అని ఉంటే కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ సైటులో ఆ పేరు కనబడాలి. ఆఫీసు చిరునామాకి ఒకసారి వెళ్ళి చూడండి. ఇవన్నీ ఉన్నంత మాత్రాన సేవ బాగుంటుందని కాదు, రేపు గొడవైతే పట్టుకోవడానికి ఒక గడప ఉంటుందని మాత్రమే. "గవర్నమెంటు గుర్తింపు ఉంది మేడమ్" అంటే ఏ శాఖ ఇచ్చింది, నంబరెంత అని అడగండి. చాలాసార్లు సంభాషణ అక్కడితో మెత్తబడుతుంది.

3. ఫోన్లో ఈ ప్రశ్నలు వేయండి, జవాబులు రాసుకోండి

కనీసం మూడు చోట్ల అవే ప్రశ్నలు అదే వరుసలో అడగండి.

"ఆమె రేపు పొద్దున రాకపోతే ఎన్ని గంటల్లో ఇంకొకరిని పంపుతారు?" జవాబులో గంటలు వినిపించాలి. "చూస్తాం మేడమ్, మా వాళ్ళు మానరు" అన్నారంటే పంపరనే లెక్క.

"ఆ ఇంకొకరు మా నాన్నగారి గురించి ఏం తెలుసుకుని వస్తారు?" బాగా నడిపే చోట రోగి వివరాల ఫైలు ఉంటుంది, కొత్త మనిషికి అది చూపించి పంపుతారు.

"సూపర్‌వైజర్ ఎవరు? నెలకి ఎన్నిసార్లు ఇంటికొస్తారు? చెప్పి వస్తారా, చెప్పకుండానా?"

"శిక్షణ ఎక్కడిచ్చారు, ఎన్నాళ్ళు?" ఆసుపత్రిలో పని నేర్చుకుందంటే ఏ వార్డులో అని అడగండి. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ సర్టిఫికెట్ ఉందంటే కాపీ పంపమనండి.

"సంక్రాంతికి ఎవరుంటారు?" నవ్వుకోకండి, ఇదే అన్నిటికన్నా పదునైన ప్రశ్న. మా ఇంట్లో చేసినావిడది శ్రీకాకుళం వైపు. భోగి ముందు రోజు రాత్రి రైలెక్కేసింది. ఏజెన్సీకి ఫోన్ చేస్తే "పండగ కదా మేడమ్" అన్నారు, ఆ తర్వాత ఎత్తడమే మానేశారు. ఐదు రోజులు నేనూ మా ఆయనా అలారం పెట్టుకుని వంతులవారీగా పక్క తిప్పాం. ఆవిడ తప్పేమీ లేదు, పండక్కి ఎవరైనా ఇంటికి వెళ్ళాలనుకుంటారు. పండగ వస్తుందని క్యాలెండరు ముందే చెప్పినా ఏర్పాటు చేయని ఏజెన్సీది తప్పు. ఇప్పుడు ఎవరు అడిగినా ముందు ఈ ప్రశ్నే వేయమంటాను.

చివరగా, ఇప్పుడు సేవ తీసుకుంటున్న ఒక కుటుంబంతోనూ, మానేసిన ఒక కుటుంబంతోనూ మాట్లాడించమని అడగండి. ఇప్పుడున్నవాళ్ళ నంబరు తేలిగ్గా ఇస్తారు. మానేసినవాళ్ళ నంబరు కూడా ఇచ్చారంటే అది మంచి గుర్తు. అక్కడ అడగాల్సింది "బాగుందా?" అని కాదు, "ఎంతమంది మారారు?" అని.

రాత్రి తొమ్మిదిన్నరకి వాళ్ళ ఎమర్జెన్సీ నంబరుకి ఒకసారి ఫోన్ చేసి చూడండి. ఎవరూ ఎత్తకపోతే ఆ ఏజెన్సీ పేరు కొట్టేయండి.

4. వచ్చే మనిషి కాగితాలు

ఆధార్ కార్డు మీద ఫోటో, గుమ్మంలో నిలబడ్డ మనిషి ఒకరేనా? నవ్వులాటగా అనిపించినా, ఒకరి కాగితాలతో ఇంకొకరు రావడం ఉంది. వయసు పద్ధెనిమిది దాటాలి. పోలీసు వెరిఫికేషన్ అయిందంటే ఆ కాగితం చూపించమనండి, దానిమీద తేదీ చూడండి. కాకపోతే మీ స్టేషనులో మీరే వివరాలివ్వవచ్చు. నర్సు అయితే కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కావాలి, దాని గడువు కూడా దాటకూడదు. మనిషిని మార్చిన ప్రతిసారీ ఇదంతా మళ్ళీ చూడాలి. అందరూ మొదటి మనిషి కాగితాలే చూసి ఊరుకుంటారు.

5. చేతి పని చూడండి

సర్టిఫికెట్ కన్నా ఇది ముఖ్యం. ఒక పూట ట్రయల్ అడగండి, డబ్బివ్వాల్సి వస్తే ఇవ్వండి. పరీక్ష పెడుతున్నట్టు నిలబడి చూడొద్దు, పక్కన సాయం చేస్తున్నట్టు ఉండండి. మీకు అవసరమైనవే చూడండి.

*పక్క తిప్పడం.* ముట్టుకునే ముందు "మామ్మగారూ, ఈ పక్కకి తిరుగుదామా" అని చెబుతుందా? మాట పడిపోయినవాళ్ళకైనా చెప్పాలి. చెప్పకుండా ఒక్కసారి లాగేసే చెయ్యి తర్వాత మారడం నేను చూడలేదు. తిప్పినప్పుడు నడుము కింది భాగం, తుంట్లు, మడమలు తనంతట తానే చూస్తే పని తెలిసిన మనిషే. పుండ్లు పడేది అక్కడే. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే ఎరుపు పోకుండా అలాగే ఉందంటే పుండు మొదలైనట్టే.

*పక్షవాతం వచ్చినవాళ్ళని లేపడం.* పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగకూడదు, భుజం కీలు జారుతుంది. చంకల్లో చేతులు పెట్టి ఎత్తకూడదు. తాను బలహీనమైన వైపు నిలబడాలి. చక్రాల కుర్చీకి ముందు బ్రేకు వేయాలి. బ్రేకు మరిచిపోయిందంటే ట్రయల్ అక్కడితో ఆపేయండి.

*ముక్కు గొట్టం.* తల వైపు ఎత్తుగా పెట్టిందా? గొట్టం సరిగ్గా ఉందో లేదో చూసుకుందా? పట్టడం అయ్యాక కనీసం అరగంట అలాగే ఎత్తులో ఉంచాలి. వెంటనే పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

*యూరిన్ బ్యాగ్.* ఎప్పుడూ పొత్తికడుపుకంటే కిందనే వేలాడాలి, నేలకి ఆనకూడదు. మంచం మార్చేటప్పుడు బ్యాగుని రోగి పొట్ట మీద పెట్టేవాళ్ళుంటారు, గమనించండి.

*ఇన్సులిన్.* నర్సు వేసినా, ఇంట్లోవాళ్ళు వేసినా ఈ ఒక్కటి అడిగి తీరాలి: "ఎర్ర మూత సిరంజికీ, నారింజ రంగు మూత సిరంజికీ తేడా ఏమిటి?" ఎర్రది మిల్లీలీటరుకి 40 యూనిట్ల ఇన్సులిన్‌కి, నారింజది 100 యూనిట్ల దానికి. 100 యూనిట్ల సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్ళేది 50 యూనిట్లు. ఈ లెక్క తెలియని మనిషి చేతికి సిరంజి ఇవ్వకండి.

*షుగర్ పడిపోతే.* చెమటలు పట్టి, వణుకుతూ, తికమకగా మాట్లాడుతుంటే ఏం చేస్తావమ్మా అని అడగండి. 70 కంటే తక్కువుంటే, స్పృహలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, పావుగంటకి మళ్ళీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. "మీకు ఫోన్ చేస్తాను మేడమ్" అని మాత్రమే చెబితే నేర్పించాలి. ఇది నేర్పితే వచ్చేదే, దీనికోసం మనిషిని వద్దనుకోనక్కర్లేదు.

6. డబ్బు కట్టేముందు ఒప్పందం కాగితం మీదకి రావాలి

పెద్ద దస్తావేజు అక్కర్లేదు, ఒక పేజీ చాలు. అందులో ఉండాల్సినవి: నెల అంటే 30 రోజులా, వచ్చిన రోజులకే లెక్కా, రాని రోజు డబ్బు తగ్గిస్తారా, మనిషిని ఎన్ని గంటల్లో మారుస్తారు, డిపాజిట్ ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, రోగి ఆసుపత్రిలో చేరితేనో, పోతేనో మిగిలిన డబ్బు సంగతేమిటి. ఈ చివరిది అడగడానికి నోరు రాదు. అడగండి. నాకు తెలిసిన గొడవల్లో ఎక్కువభాగం దీని దగ్గరే వచ్చాయి, అదీ కర్మకాండల మధ్యలో.

మనిషి భోజనం ఎవరిది, పడక ఎక్కడ, రోజులో విశ్రాంతి ఎన్ని గంటలు అన్నది కూడా అందులోనే రాయండి. రోగి గిన్నెలు కడగడం వేరు, ఇంటిల్లిపాదివీ కడగడం వేరు. ఇంటిపని కూడా చేయించుకుని మంచం దగ్గర అలసటగా ఉందని విసుక్కునేవాళ్ళని చూశాను.

డబ్బు సంస్థ ఖాతాకే పంపి రసీదు తీసుకోండి. మేనేజరు సొంత యూపీఐకి పంపమంటే ఒప్పుకోకండి.

7. మొదటి వారం: నోట్‌బుక్

ఇప్పుడు ఆ నోట్‌బుక్ తీయండి. పేజీకి ఒక రోజు. సమయం, మందు, భోజనం, పక్క తిప్పినది, డైపర్, మూత్రం, బీపీ, షుగర్. అటెండెంట్ చదవలేకపోతే మీరే గళ్ళు గీసి, బొమ్మలు వేసి టిక్కు పెట్టమనండి.

రాసినది నిజమో కాదో చూడటానికి కొన్ని దారులున్నాయి. మందుల స్ట్రిప్పులో మిగిలిన మాత్రలు ఆదివారం లెక్కపెట్టండి. డైపర్ల ప్యాకెట్టులో ఎన్ని తగ్గాయో చూడండి. రోజుకి నాలుగు మార్చానని రాసి వారానికి పది ఖర్చయితే సంగతి తెలిసినట్టే. గ్లూకోమీటర్ మెమరీలో తేదీ, సమయంతో సహా రీడింగులుంటాయి, నోట్‌బుక్‌తో పోల్చండి (ముందు మీటరులో తేదీ సరిచేసుకోండి). రెండు గంటలకోసారి పక్క తిప్పినట్టు అచ్చంగా 8.00, 10.00, 12.00 అని ఒకే ఇంకు, ఒకే ఒత్తుడుతో ఉంటే అది సాయంత్రం కూర్చుని నింపిన పేజీ. నిజంగా రాసిన పేజీలో 8.10, 10.25 ఉంటాయి, మధ్యలో టీ మరక కూడా ఉంటుంది.

రోగిని ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. "బాగా చూస్తోందా?" అంటే పెద్దవాళ్ళు "బాగానే చూస్తోందిలే" అనేస్తారు, ఆమె వెళ్ళిపోతే మళ్ళీ మీకు ఇబ్బంది అని. "నిన్న రాత్రి నీళ్ళు ఎవరిచ్చారు?" "పొద్దున స్నానం వేడినీళ్ళా?" అని చిన్న చిన్నవి అడిగితే నిజం బయటికొస్తుంది. మాట రానివాళ్ళయితే ఆ మనిషి గదిలోకి రాగానే వాళ్ళ కళ్ళు, చేతులు ఏం చేస్తున్నాయో చూడండి. ముడుచుకుపోతుంటే ఆరోజే మార్చండి, రుజువుల కోసం ఆగొద్దు.

దూరదేశంలో ఉన్నవాళ్ళకి: కెమెరా పెడితే ఆ సంగతి ఆమెకి ముందే చెప్పండి. బాత్రూములోనూ, ఆమె పడుకునే చోటా, బట్టలు మార్చుకునే చోటా పెట్టకూడదు. కెమెరాలో ముప్పావు వంతు సమయం మంచం, ఫ్యాను, దుప్పటే కనిపిస్తాయి. దానికన్నా ఆదివారం వీడియో కాల్‌లో మడమలు, నడుము కింది భాగం చూపించమనండి. వారానికి రెండుసార్లు వేర్వేరు వేళల్లో తొంగిచూసే పక్కింటివారు ఉంటే ఇంకా మంచిది. అలాంటివారికి తాళంచెవి ఒకటి ఇచ్చి ఉంచండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

అన్నిటికన్నా పెద్దది, మనిషి నచ్చగానే ఏజెన్సీని మరచిపోవడం. మూడో నెలలో ఆమె వెళ్ళిపోయాక చూసుకుంటే సూపర్‌వైజర్ ఒక్కసారీ వచ్చి ఉండడు, మనమూ అడిగి ఉండం. రెండోది, నగలు, డబ్బు, ఏటీఎం కార్డు బీరువాలో పెట్టకుండా వదిలేసి తర్వాత ఆమె మీద అనుమానపడటం. మొదటి రోజే తాళం వేసేస్తే అందరికీ గౌరవం. బ్యాంకు పనులు, ఓటీపీలు ఆమెకి అప్పజెప్పకండి, ఎంత నమ్మకస్తురాలైనా సరే. ఇంకొకటి, ఇంట్లో నలుగురూ నాలుగు రకాలుగా చెప్పడం. అత్తగారికి పెరుగు పెట్టమని ఒకరు, వద్దని ఒకరు. ఆమె ఎవరి మాట వినాలో ఒక్కరి పేరు చెప్పండి.

తేడా వస్తే

ముందు ఏజెన్సీకి వాట్సాప్‌లోనో మెయిల్లోనో రాతపూర్వకంగా చెప్పండి, ఫోన్లో అరిస్తే ఏదీ మిగలదు. డబ్బు తిరిగివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, అందులో 5 లక్షల రూపాయల లోపు వాటికి ఫీజు లేదు. పెద్దవాళ్ళని కొట్టినా, కట్టేసినా, తిండి పెట్టకపోయినా ఏజెన్సీతో బేరాలు వద్దు: 112కి ఫోన్ చేయండి, ఒంటిమీది గాయాల ఫోటోలు తేదీతో సహా తీసి ఉంచండి, డాక్టరుకి చూపించి రాయించండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది, దారి చెబుతారు.

నెల తిరిగాక ఇవి చూసుకోండి

ఒంటి మీద కొత్త పుండు లేదు. కూర్చోగలిగినవాళ్ళయితే బరువు తగ్గలేదు. మంచం దగ్గర వాసన లేదు. గోళ్ళు కత్తిరించి ఉన్నాయి, నోరు శుభ్రంగా ఉంది. సూపర్‌వైజర్ ఒక్కసారైనా గుమ్మం తొక్కాడు. రెండో మనిషి పేరు, నంబరు మీ ఫోన్లో ఉన్నాయి, ఆమె ఒక్కపూటైనా వచ్చి మీ నాన్నగారిని చూసి వెళ్ళింది. ఈ చివరిది లేకపోతే ఇవాళే ఏజెన్సీకి ఫోన్ చేసి ఒక ఆదివారం ఆ రెండో మనిషిని పంపమనండి. మొదటి మనిషికి ఆరోజు సెలవివ్వండి.